వాట్సాప్ ఆర్కైవ్: రొయ్యల రైతులకు పనికొస్తుందా?

భీమవరం చుట్టుపక్కల చెరువులున్నవాళ్ల ఫోన్లలో తెల్లారేసరికి కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ధరలు), మేత ప్రకటనలు, వైట్‌స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు గురించి పుకార్లు గుట్టలు పడతాయి. ఏది నమ్మాలో తెలీక బుర్ర వేడెక్కుతుంది. మ్యూట్ చేస్తే మోత ఆగుతుంది, అంతే. గ్రూపు మళ్లీ పైకొచ్చి కూర్చుంటుంది. ఆర్కైవ్ చేస్తే పక్క ఫోల్డర్‌లోకి పోతుంది, కళ్లముందే ఉండదు. ఇది నిజంగా మంచి సదుపాయం.

సెట్టింగ్స్‌లో చాట్స్‌కి వెళ్లి ‘కీప్ చాట్స్ ఆర్కైవ్డ్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆఫ్‌లో ఉంటే కొత్త మెసేజ్ రాగానే గ్రూపు బయటికొచ్చేస్తుంది. ‘స్టోరేజ్ అండ్ డేటా’లో వీడియోల ఆటో డౌన్‌లోడ్ కూడా తీసేయండి, లేకపోతే ఫోను నిండిపోతుంది.

లోపమూ ఉంది: ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేస్తే నోటిఫికేషన్ వస్తుంది. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసే మనిషి చాట్ మాత్రం దయచేసి ఆర్కైవ్‌లో పెట్టకండి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే. అప్పుడు అతని మెసేజ్ కనపడాలి కాబట్టి ఆ చాట్‌ని పైన పిన్ చేసుకోండి.