12 కేజీల పోత ఇనుప కెటిల్‌బెల్: ముందు పిడి చూడండి

కెటిల్‌బెల్ అంటే పైన పిడి ఉన్న వ్యాయామపు గుండు. దాన్ని కొనేవాళ్లు బరువు చూస్తారు, ధర చూస్తారు. నన్నడిగితే అన్నిటికంటే ముందు పిడి చూడాలి. వ్యాయామం సాగినంతసేపూ అరచేతికి తగిలేది అదొక్కటే. నేను తెప్పించుకున్న 12 కేజీల కెటిల్‌బెల్ పిడి విషయంలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది. అందుకే దీని గురించి ఇంత ఇష్టంగా రాస్తున్నాను.

జలంధర్‌లో తయారైన సరుకు. గుండు, పిడి కలిపి ఒకే పోత, ఎక్కడా వెల్డింగ్ లేదు. పైన నల్లటి పౌడర్ కోటింగ్. కొరియర్ ఖర్చుతో కలిపి 2,600 రూపాయలైంది. వచ్చిన రోజే మా వీధి బియ్యం కొట్లో ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. 12 కేజీల 90 గ్రాములు తూగింది. పోత ఇనుముకు ఈ మాత్రం తేడా లెక్కలోకి రాదు. అడుగు చదునుగా ఉంది, నేల మీద పెడితే ఊగదు.

ఇక పిడి. పోత పోసేటప్పుడు అచ్చు రెండు సగాలు కలిసే చోట సన్నటి గీత ఒకటి మిగులుతుంది. పిడి లోపలి వైపు బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు రాస్తే తెలుస్తుంది. చవక సరుకులో ఆ గీతను అలాగే వదిలేస్తారు. స్వింగ్ (గుండును కాళ్ల మధ్య నుంచి ముందుకు ఊపడం) చేస్తున్నప్పుడు పిడి అరచేతిలో కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది కాబట్టి ఆ గీత వేళ్ల మొదళ్లలో చర్మాన్ని పట్టి లాగుతుంది. కాయలు కాస్తాయి, తర్వాత చిట్లుతాయి. దీనికి మాత్రం ఆ గీతను శుభ్రంగా అరగదీశారు. పూత కూడా మరీ నున్నగా లేదు, గరుకుగానూ లేదు. చెమట పట్టిన చేతికి కాస్త మెగ్నీషియం సుద్ద రాసుకుంటే చాలు, జారదు. మందం 33 మిల్లీమీటర్లు. నావి చిన్న చేతులు, అయినా వేళ్లు చుట్టూ తిరిగి అందుతున్నాయి. రెండు అరచేతులూ పక్కపక్కనే ఇరుకు లేకుండా పడుతున్నాయి.

ఈ చివరి మాట చిన్నదిగా అనిపించవచ్చు కానీ మొదలుపెట్టేవాళ్లకు ఇదే కీలకం, ఎందుకంటే ముందు నేర్చుకునేది రెండు చేతుల స్వింగ్. అది చేతులతో ఎత్తే వ్యాయామం కాదు. గుంజీ కూడా కాదు. వెన్ను వంగకుండా ఉంచి, తుంటిని వెనక్కి నెడుతూ ముందుకు వంగాలి. గుండు మోకాళ్లకు పైన, తొడల మధ్య నుంచి వెనక్కి వెళ్లాలి. అక్కడి నుంచి పిరుదులు బిగించి ఒక్క ఊపున నిలబడితే గుండు దానంతటదే ఛాతీ ఎత్తుకు లేస్తుంది. చేతుల పని దాన్ని పట్టుకుని ఉండటమే. భుజాలు నొప్పెడుతున్నాయంటే చేతులతో ఎత్తుతున్నట్టే. నిమిషం మొదలవగానే 10 స్వింగ్‌లు, మిగిలిన సమయం విశ్రాంతి, ఇలా 10 నిమిషాలు చేసి చూడండి. తొడల వెనుక కండరాలు, నడుము, పట్టు, ఊపిరి అన్నీ ఒకేసారి పనిలో పడతాయి. బ్యాంకు కౌంటర్‌లో రోజంతా కూర్చునే నాకు ఇంతకంటే తగిన వ్యాయామం దొరకలేదు. వెన్నునొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఫిజియోథెరపిస్టును అడిగాకే మొదలుపెట్టాలి.

ఆడవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. క్లీన్ (గుండును భుజం దాకా తేవడం), ప్రెస్ (అక్కడి నుంచి తలపైకి నెట్టడం) చేసేటప్పుడు గుండు ముంజేతి వెనుక వైపు ఆనుతుంది. గాజులు, వాచీ ముందే తీసి పక్కన పెట్టండి.

పోటీల్లో వాడే రకం కొనాలా అని నన్ను చాలామంది అడుగుతున్నారు. అది ఉక్కుతో చేస్తారు. 8 కేజీలైనా 32 కేజీలైనా పరిమాణం ఒక్కటే, బరువును బట్టి రంగు మారుతుంది. 16 పసుపు, 24 ఆకుపచ్చ, 32 ఎరుపు. రష్యా వాళ్ల గిరి క్రీడలో, అంటే కెటిల్‌బెల్ ఎత్తే పోటీలో, 10 నిమిషాల పాటు కింద పెట్టకుండా ఎత్తాలి. బరువు మారినా గుండు ముంజేతి మీద ఎప్పుడూ ఒకే చోట ఆనడం వాళ్లకు అవసరం. కానీ దాని పిడి ఇరుకు, రెండు చేతులూ పట్టడం కష్టం. ఇంట్లో స్వింగ్ కోసం కొనేవాళ్లు అంత డబ్బు పెట్టనక్కర్లేదు, ఈ పోత ఇనుపదే మేలు. ప్లాస్టిక్ తొడుగులో సిమెంటు నింపినవైతే అసలు వద్దు. మా తోడికోడలు కొన్నది అడుగున పగిలి గదంతా పొడి రాల్చింది. అదే బరువుకు సైజు కూడా చాలా పెద్దది కావడంతో కాళ్ల మధ్య నుంచి సాఫీగా పోయేది కాదు.

మా అత్తయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. దీన్ని చూడగానే "అమ్మాయీ, మా ఊళ్లో పండగకు కుర్రాళ్లు సంగిడి రాయి ఎత్తేవారు, ఇది దాని పిల్లలా ఉందే" అన్నారు. అంతటితో ఆగలేదు. పిడి పట్టుకుని లేపి, హాలు చివరిదాకా నడిచి చూపించారు. అరవై దాటిన ఆవిడకు పిడి చేతిలో అంత కుదురుగా అమరడం చూశాక ఈ సరుకు మీద నా నమ్మకం ఇంకా పెరిగింది.

లోపం లేకపోలేదు. మాది విశాఖ, సముద్రపు గాలి. అడుగున నేలకు రాసుకునే చోట పూత లేచిపోయి, వానాకాలంలో తుప్పు చుక్కలు కనిపించాయి. అడుగు భాగానికి కాస్త కొబ్బరినూనె రాస్తున్నాను. పిడికి మాత్రం నూనె తగలనివ్వకూడదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అడుగున రబ్బరు పొర వేసి పంపితే టైల్స్ ఇళ్లవాళ్లకు కూడా ఎంతో ఊరట. ఇప్పటికైతే మందపాటి రబ్బరు చాప విడిగా కొనుక్కోవాల్సిందే.

ఇంకో చిక్కు బరువుల వరుసది. 16, 24, 32 అనే అంకెలు రష్యా వాళ్ల పాత తూకం పూడ్ నుంచి వచ్చాయి. ఒక పూడ్ అంటే 16.38 కేజీలు, అదే 16 అయింది; ఒకటిన్నర పూడ్ 24, రెండు పూడ్లు 32. ఇప్పుడు 12, మధ్యలో 20, 28 కూడా దొరుకుతున్నా సాధారణంగా మెట్టు 4 కేజీలే. 28 నుంచి 32కు వెళ్లేవాళ్లకు అది పెద్దగా తెలియదు. 12 నుంచి 16కు వెళ్లేవాళ్లకు మాత్రం బరువు ఒక్కసారిగా మూడో వంతు పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టే ఆడవాళ్లు 8తో, మగవాళ్లు 16తో మొదలుపెట్టాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఇంటి పనుల్లో బరువులెత్తే అలవాటున్న ఆడవాళ్లకు రెండు చేతుల స్వింగ్‌కు 8 త్వరలోనే తేలికైపోతుంది. వాళ్లు నేరుగా ఈ 12 తీసుకోవచ్చు. స్వింగ్‌లో 16కు ఎదిగినా, ఒంటిచేతి ప్రెస్‌కు చాలాకాలం 12 కావాలి కనుక పాతది అమ్మేయకండి.

నేను ఈ వారమే అదే సంస్థకు 16 కేజీలది ఆర్డరు పెట్టాను. 14 కేజీలది కూడా చేయమని ఆర్డరుతో పాటే రాశాను. జవాబు ఇంకా రాలేదు.