బ్లేడు రేజరా, కార్ట్రిడ్జా: గడ్డం ఖర్చులో ఏది మేలు?

మా బావమరిది హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాడు. పోయిన నెల, పిడికి తగిలించే రేజర్ తలలు, అంటే కార్ట్రిడ్జ్‌లు కొన్న సూపర్ మార్కెట్ బిల్లు నా చేతిలో పెట్టి, "నాలుగు కార్ట్రిడ్జ్‌లకి ఐదొందల పైన పడింది బావా. నీలాగా రెండంచుల బ్లేడు పెట్టే పాత రేజర్‌కి మారితే నిజంగా డబ్బు మిగులుతుందా?" అని అడిగాడు. తోచింది చెప్పి పంపడం ఇష్టం లేక, రెండేళ్లుగా నేను కొన్నవాటి లెక్క తీసి ఇద్దరం కూర్చున్నాం. మిగులుతుందని తేలింది. అయితే ఎంత మిగులుతుందన్నది, ఇప్పుడు ఏం వాడుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

నేను రోజు విడిచి రోజు గీసుకుంటాను. ఏడాదికి దాదాపు 180 సార్లు. నాది గరుకు గడ్డం. రెండంచుల బ్లేడు నాలుగుసార్లు హాయిగా నడుస్తుంది, ఐదోసారి వెంట్రుక పట్టి లాగుతుంది. అంటే ఏడాదికి 45 బ్లేడ్లు. బేగంబజార్‌లో వంద ఒకేసారి కొన్నప్పుడు ఒక్కోటి మూడు రూపాయల లోపే పడింది. వీధి చివరి కిరాణా కొట్టు ధర ఐదు రూపాయలే వేసుకున్నా 225 అవుతుంది. అంతకుముందు వాడిన మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఒక్కోటి 130, పదిసార్లు వచ్చేది. ఏడాదికి 18 అంటే 2,340 రూపాయలు. తేడా రెండు వేల పైమాటే.

ఉక్కు ముక్కే కదా, ధరలో ఇంత తేడా ఎందుకు? కింగ్ క్యాంప్ జిలెట్‌కి అమెరికాలో సేఫ్టీ రేజర్ పేటెంట్ వచ్చింది 1904లో. దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. ఆ కొలతల బ్లేడు ఇప్పుడు ఎవరైనా చేయొచ్చు, ఏ కంపెనీ బ్లేడైనా ఏ రేజర్‌లోనైనా కూర్చుంటుంది. కొనేవాడు ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి మార్చగలడు కాబట్టి ధర పెరగదు. కార్ట్రిడ్జ్ అలా కాదు. జిలెట్ కంపెనీవే 1998లో మూడు బ్లేడ్ల మాక్ త్రీ, 2006లో ఐదు బ్లేడ్ల ఫ్యూజన్ వచ్చాయి. పిడి ఒకసారి కొన్నాక, దానికి అతికే తలనే కొంటూ ఉండాలి. మనం కడుతున్న డబ్బులో ఉక్కుతో పాటు ఆ కట్టుబాటు ఖరీదు కూడా ఉంది.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: కార్ట్రిడ్జ్‌లన్నీ ఖరీదైనవి కావు. మన దేశం కోసమే 2010లో జిలెట్ గార్డ్ అని ఒకే బ్లేడు ఉన్న ప్లాస్టిక్ రేజర్ వచ్చింది. అప్పట్లో రేజర్ 15 రూపాయలు, కార్ట్రిడ్జ్ ఐదు. ఇప్పుడు ధర పెరిగింది. పది రూపాయలు వేసుకుని, ఒక్కోటి ఐదుసార్లు వచ్చినా ఏడాదికి 360 దాటదు. అలాంటిది వాడేవాళ్లకు బ్లేడు రేజర్ వల్ల మిగిలేది నూట ముప్పై అయిదు. డబ్బు కోసమే అయితే వాళ్లు మారనక్కర్లేదని గట్టిగా చెబుతాను. సెలూన్ మాట వేరు. మా దగ్గర ఒకసారికే డెబ్బై, ఎనభై. అక్కడ అతను కత్తిలో పెట్టేది ఇదే బ్లేడు, సగానికి విరిచి.

నురుగు ఖర్చు విడిగా చూడాలి. ఫోమ్ డబ్బా నాకు రెండు నెలలు వచ్చేది. ఏడాదికి పదమూడు వందల దాకా అయ్యేది. బ్రష్‌తో అయితే శనగగింజంత క్రీము చాలు. ఎనభై రూపాయల ట్యూబు మూడు నెలలు వస్తోంది. ఈ మిగులును కూడా పాత రేజర్ ఖాతాలో వేసి చెబుతుంటారు, అది సరికాదు. బ్రష్, క్రీము కార్ట్రిడ్జ్‌తోనూ వాడుకోవచ్చు. మా బావమరిది ఈ రెండే మార్చుకున్నా ఏడాదికి తొమ్మిది వందల పైన మిగులుతుంది. ఒక ఇబ్బంది ఉంది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్లు. ఉప్పు నీళ్లలో నురుగు పట్టదు, తెల్లగా విరిగి చెంప మీద పొట్టులా నిలుస్తుంది. తాగడానికి వచ్చే మంజీర నీళ్లు ఒక మగ్గుడు తీసి పెట్టుకుంటే సగం క్రీముతోనే మంచి నురుగు వస్తుంది.

మా నాన్నగారి రేజర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పిడి అడుగున తిప్పితే పైన రెండు రెక్కలు విచ్చుకుంటాయి. కాగితం విప్పి బ్లేడు లోపల పెట్టి, మళ్లీ తిప్పితే రెక్కలు మూసుకుంటాయి. ఆయన దాన్ని ఎప్పుడూ చెంపకు నొక్కేవారు కాదు. రేజర్ తల చెంపకు ఆనించి, బ్లేడు అందేదాకా పిడిని మెల్లగా కిందికి దించి, దాని బరువు మీదే జారనిచ్చేవారు. సర్రుమని శబ్దం వచ్చేది. కార్ట్రిడ్జ్ అలవాటుతో నేను నొక్కాను, మొదటి వారం దవడ కింద రెండు గాట్లు పడ్డాయి, పటిక రాయి తడిపి రుద్దితే ఆగాయి. పది రోజులకు చెయ్యి కుదిరింది. గొంతు కింద కురుపులు కూడా తగ్గాయి. నా మటుకు డబ్బు కంటే ఇదే పెద్ద లాభం. రింగుల వెంట్రుకలున్న గడ్డాన్ని నాలుగైదు బ్లేడ్లు చర్మం లోపలిదాకా కోస్తే, ఆ వెంట్రుక లోపలే వంకర తిరిగి కురుపు కడుతుంది.

ఏ రేజర్ అయినా, గడ్డాన్ని ముందు రెండు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నాననివ్వాలి. వెంట్రుక ఉక్కు కంటే దాదాపు 50 రెట్లు మెత్తనిది, అయినా బ్లేడు అంచును పెచ్చులూడేలా చేస్తుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో చూపించారు. నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, బ్లేడు మీద భారం తగ్గుతుంది.

లెక్క తప్పేది సరదా దగ్గర. నాన్నగారి రేజర్ ఉంది కాబట్టి నాకు మొదటి ఖర్చు లేదు. కొత్తగా కొనేవాళ్లకు మూడు వందల రేజర్, రెండు వందల బ్రష్ చాలు. మూడు నెలల్లో ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది. మూడున్నర వేల జర్మనీ రేజర్ తెప్పించుకుంటే, అది తిరిగి రావడానికి ఇరవై నెలలు పడుతుంది. ఆ పైన నెలకో కొత్త షేవింగ్ సబ్బు కొంటే ఇక మిగులు అన్న మాటే ఉండదు.

అయిపోయిన బ్లేడ్లను మాత్రం చెత్తబుట్టలో పడేయకండి. పొద్దున్నే స్వచ్ఛ ఆటోలో చెత్తను చేత్తో వేరు చేసే మనుషులున్నారు. నేను పాత రేకు డబ్బా మూతకు సన్నగా చీలిక పెట్టి అందులో వేస్తున్నాను. రెండేళ్లయినా సగం నిండలేదు.

బావమరిదికి మూడు వందల రేజర్, ఒక బ్రష్ కొనిచ్చాను. ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు బెంగళూరు వెళ్తాడు. శంషాబాద్ విమానాశ్రయంలో చేతి సంచిలో విడి బ్లేడు పోనివ్వరు కాబట్టి, అతని ప్రయాణం బ్యాగులో పది రూపాయల కార్ట్రిడ్జ్ ఉన్న ఆ ప్లాస్టిక్ రేజరే పెట్టించాను.