జాగ్రత్త: ‘ఈఎంఐలు ఆపేయండి, మిగతాది మేం చూసుకుంటాం’ అనే లోన్ సెటిల్‌మెంట్ కంపెనీలు

వ్యాపారం మూతపడి, ఉద్యోగం ఇంకా దొరక్క, ఒకటో రెండో ఈఎంఐలు బౌన్స్ అయిన వాళ్లకి ఈ హెచ్చరిక. మీకు త్వరలోనే ఒక కాల్ వస్తుంది, లేదా ఫోన్‌లో ప్రకటన కనిపిస్తుంది. ‘మీ అప్పులో సగం తగ్గిస్తాం’, ‘రికవరీ ఏజెంట్ల వేధింపులు ఆపిస్తాం’, ‘నెల రోజుల్లో సిబిల్ స్కోర్ 750’ అంటూ ఉంటుంది. అలాంటి ఒక కంపెనీకి నేను డబ్బు కట్టాను. వాళ్లు ఏం అమ్ముతున్నారో, అందులో మనకు ఉచితంగా వచ్చేది ఎంతో కట్టే ముందే తెలుసుకోండి.

ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడతారు. మనం పడిపోయేది అక్కడే. పొద్దున్నుంచీ రికవరీ వాళ్ల చేత ‘ఎప్పుడు కడతావ్?’ అని అనిపించుకున్న మనిషికి ‘సార్, మీ పరిస్థితి మాకు అర్థమైంది, టెన్షన్ పడకండి’ అనే గొంతు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. పది నిమిషాల్లో మన లోన్లన్నీ అడిగి రాసుకుంటారు. బిజినెస్ లోన్ ఎంత, పర్సనల్ లోన్ ఎంత, క్రెడిట్ కార్డు ఎంత. మొత్తం కూడి, ‘ఇందులో సగం కడితే చాలు’ అంటారు. ఆ తర్వాత అసలు మాట: ‘ఈ నెల నుంచి బ్యాంకుకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. మా లీగల్ టీమ్ మాట్లాడుతుంది.’

ఈ సలహా ఎందుకిస్తారంటే, సక్రమంగా కడుతున్న లోన్‌ని ఏ బ్యాంకూ తగ్గించి సెటిల్ చేయదు. ఈఎంఐ 90 రోజులు దాటి ఆగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాతే బేరం మొదలవుతుంది. అంటే మన ఖాతా చెడిపోయేదాకా వాళ్లకి చేసే పనే ఉండదు. కానీ ఫీజు మాత్రం మొదటి రోజే మొదలవుతుంది.

ఫీజు లెక్క కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అగ్రిమెంట్‌లో ఇది ఐదో పేజీలోనో ఆరో పేజీలోనో ఉంటుంది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు. తర్వాత ప్రతి నెలా ఆటో డెబిట్‌లో పోయే సర్వీసు చార్జీ. చివర్లో సెటిల్‌మెంట్ కుదిరితే ‘మీకు ఆదా అయిన మొత్తం’ మీద కొంత శాతం, దానిపైన 18 శాతం జీఎస్టీ. ఈ ఆదాని దేని మీద లెక్కిస్తారో చూడండి. ఉదాహరణకి అసలు బాకీ 4 లక్షలు అనుకుందాం. కట్టడం ఆపేశాక వడ్డీ, పెనాల్టీలు, బౌన్స్ చార్జీలు కలిసి అది 5.5 లక్షలైంది. బ్యాంకు 3 లక్షలకి ఒప్పుకుంది. వాళ్ల లెక్కలో ఆదా 2.5 లక్షలు. 15 శాతం ఫీజంటే 37,500, జీఎస్టీతో 44,250. నెలకి 2,000 చొప్పున ఏడాదికి ఇంకో 24,000. మనం ఆపకముందు బాకీ 4 లక్షలే కదా, అంటే నిజంగా తగ్గింది లక్ష. అందులో 68,250 వాళ్లకే పోయింది. రిజిస్ట్రేషన్ ఫీజు ఇంకా కలపలేదు. పైగా ఆలస్యం ఎంత పెరిగితే పెనాల్టీ అంత పెరుగుతుంది, పెనాల్టీ పెరిగిన కొద్దీ వాళ్ల ‘ఆదా’ పెరుగుతుంది, దాంతోపాటే ఫీజూ పెరుగుతుంది. మన పని త్వరగా చేసిపెట్టాలన్న తొందర వాళ్లకెందుకుంటుంది?

అదే అగ్రిమెంట్‌లో ఇంకో లైన్ ఉంది. ఫలితానికి గ్యారంటీ లేదు, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు. ఫోన్‌లో ‘హండ్రెడ్ పర్సెంట్ సార్’ అన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి ‘ప్రయత్నిస్తాం’ అయిపోతుంది.

మరి ‘లీగల్ టీమ్’ చేసిందేంటి? నా విషయంలో బ్యాంకుకి ఒక ఈమెయిల్. క్లయింటు ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నారు, ఇకమీదట మాతోనే మాట్లాడండి అని నాలుగు లైన్లు. దాన్ని నా చేతే నా ఐడీ నుంచి పంపించారు. అందులో ఇంకో ఖాతాదారుడి లోన్ నంబర్ తీయకుండా అలాగే వదిలేశారు, ఎన్ని చోట్ల కాపీ చేసి అంటించారో మరి. బ్యాంకు నుంచి వచ్చిన జవాబు: మూడో వ్యక్తితో మాట్లాడం, ఖాతాదారుడే బ్రాంచ్‌కి రావాలి.

రికవరీ కాల్స్ ఆగడానికి వాళ్లు చెప్పిన ఉపాయం ఇంకా ప్రమాదం. మన నంబర్‌కి వచ్చే కాల్స్‌ని వాళ్ల నంబర్‌కి మళ్లించమన్నారు. ఫోన్ మోగడం ఆగింది, రెండు రాత్రులు హాయిగా నిద్ర కూడా పట్టింది. కానీ బ్యాంకు నుంచి ఓటీఎస్, అంటే వన్ టైమ్ సెటిల్‌మెంట్ గురించి మాట్లాడదామని వచ్చిన కాల్ కూడా అటే పోయింది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, తర్వాత బ్రాంచ్‌కి వెళ్తే తెలిసింది. ఓటీపీలు కొన్నిసార్లు కాల్ రూపంలోనూ వస్తాయి, అవి కూడా అటే పోతాయి. ఎవరు చెప్పినా ఈ పని మాత్రం చేయకండి.

కట్టడం ఆపేయడమంటే ఉత్త స్కోర్ పడిపోవడం ఒక్కటే కాదు. ఈ సంగతి అమ్మేటప్పుడు ఒక్కరూ చెప్పరు. అప్పు కట్టలేకపోవడం దానంతట అది నేరం కాదు, సివిల్ వ్యవహారమే. అయితే మీరిచ్చిన చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138 సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. డబ్బు లేక ఆటో డెబిట్ బౌన్స్ అయినా పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 2007లో 25వ సెక్షన్ ఉంది. రెండింటిలోనూ రెండేళ్ల వరకు జైలుశిక్షకి అవకాశముంది. ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్ అయితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, సివిల్ కోర్టులో దావా వేయకుండానే స్వాధీనం ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. ఇక హామీ సంతకం పెట్టిన వాళ్ల సంగతి. నా లోన్‌కి మా బావగారు హామీ. ఆయన క్రెడిట్ రిపోర్ట్‌లో కూడా నా బాకీ ఎక్కింది. తన పిల్లవాడి చదువుకి లోన్ అడగబోతే ఆ సంగతి బయటపడింది. వ్యాపారం పోయిన బాధలో ఉన్నవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు.

సిబిల్ రిపేర్ పేరుతో నడిచేది ఇంకో రకం. మీ పాన్ నంబర్, ఓటీపీ తీసుకుని, వాళ్ల ఈమెయిల్‌తో మీ పేరున ఖాతా తెరుస్తారు. రిపోర్ట్‌లో ఉన్న ప్రతి చెడ్డ లోన్ మీదా ‘ఇది నాది కాదు’ అని డిస్‌ప్యూట్ పెట్టేస్తారు. ఆ ఖాతా పక్కన డిస్‌ప్యూట్‌లో ఉందని కనిపించగానే స్క్రీన్‌షాట్ పంపి ‘చూశారా, పని మొదలైంది’ అంటారు. ఈ రిపోర్ట్‌లు తయారుచేసే సంస్థని బ్యూరో అంటారు. అది తనంతట తాను ఏదీ మార్చదు, అప్పిచ్చిన సంస్థని అడుగుతుంది. వాళ్లు ‘లోన్ నిజమే’ అనగానే డిస్‌ప్యూట్ కొట్టేస్తారు. నిజంగా తీసుకున్న అప్పుని రిపోర్ట్ నుంచి చెరిపే మంత్రం ఎవరి దగ్గరా లేదు.

నిజంగానే తప్పుంటే? కట్టేసిన లోన్ ఇంకా బాకీగా చూపించడం, ఇంకొకరి లోన్ మన పేరున ఎక్కడం లాంటివి జరుగుతాయి. దానికి పైసా ఖర్చు లేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దగ్గర నాలుగు బ్యూరోలు ఉన్నాయి. ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. తప్పు దిద్దమని వాళ్ల సైట్‌లోనే మనమే డిస్‌ప్యూట్ పెట్టొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 అక్టోబర్‌లో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది.

‘రుణమాఫీ సర్టిఫికెట్’ ఇప్పిస్తామనే ముఠాలు కూడా ఉన్నాయి. ఆ కాగితానికి విలువ లేదు. ఇలాంటి ప్రచారాలు నమ్మొద్దని, వీళ్లు లీగల్ ఫీజుల పేరుతో డబ్బు గుంజుతున్నారని 2023 డిసెంబర్‌లో ఆర్‌బీఐయే ప్రకటన ఇచ్చింది. ‘పాత లోన్లన్నీ కలిపి ఒకే కొత్త లోన్ ఇప్పిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు వేయండి’ అన్నా అంతే, ఫోన్ పెట్టేయండి.

ఇక ఓటీఎస్ విషయానికొస్తే, అది బ్యాంకుకీ మనకీ మధ్య జరిగేది. దానికి దళారీ అక్కర్లేదు. నేను చివరికి నేరుగా బ్రాంచ్‌కి వెళ్లి ఒక ఉత్తరం ఇచ్చాను. వ్యాపారం ఎప్పుడు మూసేశాను, ఇప్పుడు నెలకి ఎంత వస్తోంది, ఎంత కట్టగలను, ఎప్పటిలోగా అని రాశాను. జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దైన ఆర్డర్, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశాను. అందినట్టు కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. మేనేజర్‌గారు ముందు చూపించిన ముఖం అంత బాగోలేదు గానీ, ‘పై ఆఫీసుకి పంపిస్తాను’ అన్నారు, పంపించారు. రెండు విషయాలు గట్టిగా గుర్తుంచుకోండి. ఒప్పందం బ్యాంకు లెటర్‌హెడ్ మీద మీ చేతికి వచ్చేదాకా సెటిల్‌మెంట్ డబ్బు రూపాయి కూడా కట్టొద్దు. కట్టేది కూడా మీ లోన్ ఖాతాలోకే, ఏ ఏజెంట్ ఫోన్‌పే నంబర్‌కీ కాదు. కట్టాక ఇక బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, మీరిచ్చిన ఖాళీ చెక్కులు వెనక్కి అడగండి.

సెటిల్‌మెంట్ అయితే రిపోర్ట్‌లో ‘క్లోజ్డ్’ అని రాదు, ‘సెటిల్డ్’ అని వస్తుంది. అది కొన్నేళ్లు మనల్ని వెంటాడుతుంది. పైగా ఇలా రాజీ చేసుకున్నవాళ్లకి, వ్యవసాయ రుణాలు కాకపోతే, కనీసం 12 నెలలు గడిచాకే ఆ సంస్థ మళ్లీ అప్పివ్వాలని ఆర్‌బీఐ 2023 జూన్‌లో నియమం పెట్టింది. ‘సెటిల్ చేసుకోండి, వచ్చే నెలే కొత్త లోన్’ అన్నవాడు పచ్చి అబద్ధం చెప్తున్నట్టే. అందుకే వాయిదా తగ్గించి, గడువు పెంచి కట్టగలిగే దారి ఉంటే ముందు రీస్ట్రక్చర్ అడగడం మేలు. వ్యాపారం ఇంకా పూర్తిగా మూయకపోతే, 25 కోట్ల లోపు రుణాలున్న చిన్న పరిశ్రమల పునరుద్ధరణకి 2016 నుంచి ఆర్‌బీఐ విధానం ఒకటి ఉంది. దాని కింద పరిశీలించమని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి.

బ్యాంకు ఒప్పుకోకపోతే లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు లేదు, కేసు వేయకముందే కూడా వెళ్లొచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే చెప్తారు. అక్కడ ఇచ్చే అవార్డుకి, అంటే తీర్పుకి, సివిల్ కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. కాబట్టి నిజంగా కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

రికవరీ వేధింపులకి కూడా దళారీ అక్కర్లేదు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టులోనే చెప్పింది. బెదిరించడం, బంధువులకి ఫోన్ చేసి పరువు తీయడం కూడా కుదరదు. కాల్స్ రికార్డ్ చేసి, తేదీ, టైమ్ రాసి ముందు బ్యాంకుకి ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అది ఉచితం, సమాచారానికి 14448 నంబర్ ఉంది. నాకు రాత్రి పదింటికి వచ్చే కాల్స్ బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి మెయిల్ పెట్టిన వారంలోనే ఆగిపోయాయి. ఆ కంపెనీకి అన్ని నెలలు డబ్బులు కట్టినా ఆగలేదు, మళ్లించడం తప్ప.

ఇప్పటికే ఇలాంటి కంపెనీకి డబ్బు కడుతున్నవాళ్లు ఈ రోజే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ముందు కాల్ ఫార్వర్డింగ్ తీసేయండి. బ్యాంకు యాప్‌లో, యూపీఐ యాప్‌లో వాళ్ల పేరున ఉన్న ఆటోపే మాండేట్ రద్దు చేయండి. ఇచ్చిన అధికార పత్రం ఏదైనా ఉంటే రద్దు చేసుకుంటున్నట్టు వాళ్లకి, బ్యాంకుకి మెయిల్ పెట్టండి. అగ్రిమెంట్, రసీదులు, వాట్సాప్ చాట్, కాల్ రికార్డింగులు ఒకచోట భద్రం చేయండి. చాట్లు వాళ్లు డిలీట్ చేస్తారు, నాకు చేశారు. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. మీరు కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండానే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. కంపెనీయే బోగస్ అని తేలితే సైబర్ క్రైమ్ 1930కి కూడా చెప్పండి. నేను కమిషన్‌లో వేసిన కేసు ఇంకా నడుస్తోంది. నోటీసు అందిన తర్వాత మాత్రం అదే మర్యాదైన గొంతు మళ్లీ ఫోన్ చేసి, కేసు వెనక్కి తీసుకుంటే రిజిస్ట్రేషన్ ఫీజు వరకు ఇచ్చేస్తామంది. రాతపూర్వకంగా ఇవ్వండి అన్నాను, ఇప్పటిదాకా రాలేదు.