అమెరికా అంతర్యుద్ధం చదవాలంటే: గోదావరి జిల్లాల వాళ్లకి ఏ ఆర్కైవ్ ఎంత పనికొస్తుంది?

అమెరికా అంతర్యుద్ధం (1861–65) గురించి లోతుగా చదవడానికి వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు. అమలాపురంలోనో భీమవరంలోనో ఇంట్లో కూర్చుని, మామూలు లాప్‌టాప్‌తో ఆనాటి సైన్యాధికారులు రాసిన అసలు నివేదికల దాకా వెళ్లొచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. అదే యుద్ధం మన కాకినాడ రేవు మీద ఏ ప్రభావం చూపిందో తేల్చాలంటే మాత్రం చెన్నై రైలెక్కాల్సిందే. ఎంఏ ప్రాజెక్టు చేసే పిల్లలకీ, చరిత్ర చెప్పే మాస్టార్లకీ ముందే ఒక మాట: ఉచితంగా దొరికేవన్నీ అయ్యేదాకా ఏ సైటుకీ కార్డు నంబరు ఇవ్వకండి.

అన్నిటికన్నా ముందు తెరవాల్సింది ‘అఫీషియల్ రికార్డ్స్’. ఈ యుద్ధంలో తలపడ్డ ఉత్తరాది, దక్షిణాది రెండు పక్షాల సైన్యాల నివేదికలు, ఉత్తరాలు, తంతి వార్తలు పోగుచేసి అమెరికా ప్రభుత్వమే 1880 నుంచి 1901 వరకు అచ్చేసింది. మొత్తం 128 పుస్తకాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో చదువుకోవచ్చు. హాతీట్రస్ట్‌లో వెతుకులాట బాగుంటుంది గానీ, చాలా సంపుటాలను పుస్తకం మొత్తంగా దించుకోవాలంటే సభ్య విశ్వవిద్యాలయం లాగిన్ అడుగుతుంది. కాబట్టి వెతకడం అక్కడ, దించుకోవడం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు బరువు. ఫోన్ డేటా మీద నడిపేవాళ్లు అక్కడే ఉండే ‘ఫుల్ టెక్స్ట్’ రూపం తెరిస్తే సరిపోతుంది. పట్టికలు మాత్రం అందులో చెదిరిపోతాయి, అంకెలు కావాలంటే స్కాన్ పేజీయే చూడాలి.

కొత్తగా వచ్చినవాళ్లు దాదాపు అందరూ తడబడే చోటు ఒకటుంది. ప్రతి పుస్తకానికీ రెండు నంబర్లు ఉంటాయి: సంపుటం నంబరు ఒకటి, వరస నంబరు ఒకటి. గెటిస్‌బర్గ్ యుద్ధం (1863 జూలై 1–3) మొదటి సిరీస్ 27వ సంపుటంలో ఉంది. ఆ సంపుటం మూడు భాగాలు, వాటి వరస నంబర్లు 43, 44, 45. ఎవరో ‘43’ అని రాసుకున్నది చూసి మీరు 43వ సంపుటం తెరిచారనుకోండి, 1864 నాటి షెనండోవా లోయ పోరాటాల్లో తేలతారు. సంపుటం నంబర్లు రోమన్ అంకెల్లో ఉండటం మరో చిక్కు. అందుకని నోట్సులో ఎప్పుడూ సిరీస్, సంపుటం, భాగం, పేజీ నాలుగూ రాసుకోవాలి. సంపుటం మొదట్లో ఆ కాలపు ఘటనలు తేదీల వారీగా ఉంటాయి. ముందు అక్కడ తేదీ పట్టుకుని, తర్వాత చివర్లో ఉన్న సూచికలో సేనాని పేరు చూస్తే పని సగం అయినట్టే.

సిరీసులు నాలుగు. మొదటిది యుద్ధ కార్యకలాపాలు, రెండోది ఖైదీల సంగతి, మూడోది ఉత్తరాది ప్రభుత్వ ఉత్తర ప్రత్యుత్తరాలు, నాలుగోది దక్షిణాది ప్రభుత్వానివి. అందరూ మొదటిదానిలోనే మునిగిపోతారు. నిజానికి సైన్యంలో మనుషుల్ని ఎలా చేర్చారు, ఆయుధాలు ఎలా కొన్నారు లాంటి పాలనా విషయాలకి మూడు, నాలుగే గనులు. ఒక లోపం మాత్రం మనసులో పెట్టుకోవాలి. ఇవన్నీ అధికారులు తమ గురించి తాము రాసుకున్నవి. ఓడినవాడు పక్క దళం ఆలస్యంగా వచ్చిందంటాడు, గెలిచినవాడు వ్యూహమంతా తనదేనంటాడు. ఒకే రోజు మీద రెండు పక్షాల నుంచీ కనీసం మూడు నివేదికలు పక్కపక్కన పెట్టుకోకుండా ఏ వాక్యాన్నీ నమ్మకూడదు.

ఇందులో బానిసల గొంతు దాదాపు వినపడదు. ఆ లోటు తీర్చేది మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారి ‘ఫ్రీడ్‌మెన్ అండ్ సదరన్ సొసైటీ ప్రాజెక్ట్’. విముక్తులైనవాళ్లు, నల్లజాతి సైనికులు, వాళ్ల భార్యలు అధికారులకి పెట్టుకున్న అర్జీలు ఇందులో ఉంటాయి. అచ్చు పుస్తకాల్లో ఉన్నదాంతో పోలిస్తే సైటులో పెట్టినవి కొద్దిపాటి నమూనాలే, అయినా యుద్ధం దేనికోసం జరిగిందో అర్థం కావాలంటే ఈ ఉత్తరాలు చదివి తీరాలి. ఉత్తరాది సైన్యంలో సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు పోరాడారన్న సంగతి మన పాఠాల్లో ఒక వాక్యంతో దాటిపోతుంది. ఇక్కడ ఆ మనుషులు మాట్లాడతారు. డిగ్రీ పిల్లలకి పాఠం చెప్పేవాళ్లు ఇందులోంచి రెండు అర్జీలు తెలుగు చేసి తరగతిలో చదివిస్తే ఎంతో మేలు.

ఫొటోలకి అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ను మించింది లేదు. గాజు పలకల నెగటివ్‌లను టిఫ్ అనే పెద్ద, స్పష్టమైన బొమ్మ ఫైళ్లుగా ఇచ్చారు. చిన్న జేపెగ్ చూసి వదిలేయకండి. టిఫ్ దించుకుని పెద్దది చేస్తే బొత్తాలు, బూట్ల అతుకులు, వెనకాల గోడ రాళ్లు కూడా విడివిడిగా తెలుస్తాయి. చాలావాటికి ప్రచురణ విషయంలో తెలిసిన ఆంక్షలేవీ లేవని పక్కనే రాసి ఉంటుంది, ఆ వాక్యం చూసుకునే వాడుకోవాలి. ఫొటో కింది రాతను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. గెటిస్‌బర్గ్‌లో ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం తీసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో, రాళ్ల గోడ మాటున చనిపోయి పడున్న దక్షిణాది షార్ప్‌షూటర్ (గురి చూసి కాల్చడంలో నేర్పరి) కనిపిస్తాడు. అదే శవం, వేరే చోట పడి ఉన్నట్టు మరికొన్ని పలకల్లోనూ ఉంది. ఫొటో కోసం దాన్ని మోసుకొచ్చి అక్కడ పడుకోబెట్టారని 1970ల్లో పరిశోధకులు తేల్చారు. గోడకి ఆనించిన తుపాకీ కూడా షార్ప్‌షూటర్లు వాడే రకం కాదు. ఈ పలకలన్నీ ఒకే సైటులో ఉన్నాయి కాబట్టి మీరే పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు.

ఇదే సంస్థ ‘క్రానిక్లింగ్ అమెరికా’ పేరుతో పాత పత్రికలు ఉచితంగా చదవనిస్తుంది. మాసిన అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది గనక ఒకే పదంతో వెతికి లేదనుకోకండి. తేదీ, రాష్ట్రం బిగించి, మూడు నాలుగు పదాలు మార్చి చూడండి.

అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ వారి సైనికుల జాబితాలో 63 లక్షల పేర్లున్నాయి. అది పేర్ల సంఖ్య, మనుషుల సంఖ్య కాదు. ఒకే మనిషి రెండు స్పెల్లింగులతోనో రెండు రెజిమెంట్ల (సైనిక దళాల)లోనో మళ్లీ మళ్లీ వస్తాడు. రెజిమెంట్ చరిత్రలకి బాగుంది, అంతకు మించి ఆశించొద్దు. ఒక్కో సైనికుడి సేవా పత్రాలు కావాలంటే ఫోల్డ్3 అనే చందా సైటు ఉంది. వంశవృక్షం వెతుక్కునే అమెరికన్లకి అది బంగారం, మన అవసరానికి దండగ. అమెరికన్ బ్యాటిల్‌ఫీల్డ్ ట్రస్ట్ పటాలు, కదిలే బొమ్మల వీడియోలు కుర్రాళ్లకి చక్కగా ఎక్కుతాయి. యుద్ధభూములు కాపాడే సంస్థ కాబట్టి పోరాటాల మీదే వాళ్ల చూపంతా.

ఇక మన సంగతి. యుద్ధానికి ముందు బ్రిటన్ మిల్లులు వాడే పత్తిలో నాలుగింట మూడు వంతులు అమెరికా దక్షిణ రాష్ట్రాలదే. 1861 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ ఆ రేవుల దిగ్బంధం ప్రకటించాక ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు చాలా మూతపడ్డాయి, భారత పత్తి ధర పైకి లేచింది, కాకినాడ రేవుకీ ఊపొచ్చింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై పదేళ్లయినా కాలేదు. మధ్య భారతంలోని బేరార్, నాగపూర్ పత్తిని పడవల మీద గోదావరిలో కిందికి దించి కాకినాడలో ఓడకెక్కించాలని మాంచెస్టర్ వ్యాపారులు గట్టిగా ఒత్తిడి చేశారు. దుమ్ముగూడెం దగ్గర కట్టిన ఆనకట్ట, లాకులు ఆ ప్రయత్నంలో భాగమే. 1870ల మొదట్లో పథకాన్ని వదిలేశారు.

ఈ కథకి ఉచితంగా దొరికే మంచి ఆధారం బ్రిటిష్ పార్లమెంటు చర్చల ‘హన్సార్డ్’ సైటు. వెతకడంలో ఒక ఇబ్బంది మన జిల్లాకే ప్రత్యేకం: ‘కాటన్’, ‘గోదావరి’ కలిపి కొడితే పత్తికి బదులు కాటన్ దొర బయటికొస్తాడు. ‘రా కాటన్’, ‘బేల్స్’, ‘కాటన్ సప్లై’ అని వెతకండి. అప్పటి ఇంగ్లిష్ రాత వేరు, కాబట్టి గోదావరి స్పెల్లింగులో ‘వి’ తర్వాత ‘ఏ’ తీసి ‘ఈ’, చివర ‘ఐ’ తీసి ‘వై’ పెట్టాలి (Godavery). కాకినాడకి ‘కోకనాడ’ అనీ ‘కొకొనాడ’ అనీ రెండూ కొట్టాలి. హెన్రీ మోరిస్ 1878లో అచ్చేసిన గోదావరి జిల్లా వివరణ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది, ముందు అది చదివితే ఊళ్లు, కాలవలు, రేవులు కళ్లకి కడతాయి.

ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చూడదగ్గదే. ఆనకట్ట నమూనాలు, పాత యంత్రాలు చూస్తే నీళ్ల కథ బాగా తెలుస్తుంది. అయితే అది ప్రదర్శనశాల, దస్తావేజుల గది కాదు. పత్తి లెక్కల కోసం అక్కడికి వెళితే ఉత్త చేతులే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పాత తెలుగు పుస్తకాలకి, పత్రికలకి పెన్నిధి, అంతర్యుద్ధం మీద నేరుగా దొరికేది తక్కువ.

అసలు సరుకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ రెవెన్యూ బోర్డు, ప్రజా పనుల శాఖ కార్యకలాపాలు అక్కడివే. కాలేజీ నుంచి పరిచయ లేఖ, గుర్తింపు కార్డు, పరిశోధనాంశం రాసిన కాగితం సిద్ధం చేసుకుని ముందే రాసి అడగండి. వెళ్లగానే ఫైలు అడగడం కుదరదు. ఏడాది వారీ సూచికలో శాఖ, తేదీ, ఉత్తర్వు నంబరు పట్టుకుని, ఆ మూడూ చీటీ మీద రాసి ఇవ్వాలి. కాగితం పెళుసెక్కి ఉంటే ఆ సంపుటం ఇవ్వకపోవచ్చు. అందుకే ఒక్క శాఖనే నమ్ముకోకుండా రెవెన్యూ, ప్రజా పనులు రెండింటి సూచికల నుంచీ నంబర్లు రాసుకోవాలి. 1861 నుంచి 1866 దాకా చూడండి, యుద్ధం ముగిశాక పడిపోయిన ధరల గొడవలు ఆ చివరి ఏడాది కాగితాల్లోనే కనబడతాయి.