వ్యూహం బాగుంది, ప్రణాళిక దాని మాట వినలేదు: చిన్న వ్యాపారాల మార్కెటింగ్ సేవపై ఒక సమీక్ష

చిన్న వ్యాపారాలకు మార్కెటింగ్ వ్యూహాన్నీ, దాన్ని అమలు చేసేందుకు ఏడాది ప్రణాళికనూ కలిపి తయారుచేసి ఇచ్చే ఆన్‌లైన్ సేవ ఒకదానికి మా సంస్థ చందా కట్టింది. కార్యాలయాల్లోనూ ఇళ్లలోనూ కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే వ్యాపారం మాది. టెక్నీషియన్లు కొద్దిమందే, ప్రచారానికి పక్కన పెట్టగలిగిన సొమ్మూ కొద్దిపాటిదే. నేను ఎత్తిచూపబోయే లోపం ఈ తరహా సేవలు దేనిలోనైనా ఉండగలిగినదే కనుక సేవ పేరు చెప్పడం లేదు.

ముందుగా వ్యూహం సంగతి. ఈ భాగం నిస్సందేహంగా బాగుంది. మొదట పంపిన ప్రశ్నావళిలో మా ఆశయాల గురించి పెద్దగా అడగలేదు. గత ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని జవాబు రాయవలసిన ప్రశ్నలే ఎక్కువ. ఎవరి పనిలో లాభం మిగిలింది, ఎవరు మళ్లీ పిలిచారు, ఎవరు కొటేషన్ తీసుకుని మాయమయ్యారు, ఏ రకం పని రాకపోయినా మీకు నష్టం లేదు అన్నవి అందులో కొన్ని. ఈ చివరి ప్రశ్నకు జవాబు రాయడానికి పట్టిన సమయం మిగిలినవాటన్నిటికీ కలిపి పట్టలేదు. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అంటూ నాలుగు గళ్ల పట్టిక కూడా ఇచ్చారు కానీ, అందులో మాకు తెలియనిదేమీ లేదు.

ఆ జవాబుల ఆధారంగా వారు తేల్చిన నిర్ణయం స్పష్టంగా ఉంది: ఇళ్ల నుంచి వచ్చే విడి పనుల వెంట పడకుండా, చిన్న కార్యాలయాలతో వార్షిక నిర్వహణ ఒప్పందాలు కుదుర్చుకోవాలి, వారికి ఇచ్చే హామీ, ఫిర్యాదు అందిన రోజే మనిషి వచ్చి చూడడం. ఇంట్లోవారు ఎప్పుడో ఒకసారి పిలుస్తారు, పిలిచిన ప్రతిసారీ ధర పోల్చి చూసుకుంటారు. కార్యాలయంలో ప్రింటర్ ఆగిపోతే బిల్లింగే ఆగిపోతుంది కనుక వేగానికి విలువ కట్టేవారు అక్కడే ఉంటారన్నది వారి తర్కం. మార్కెట్‌ను విభాగాలుగా చూడాలని మార్కెటింగ్ పండితుడు వెండెల్ స్మిత్ 1956లోనే ప్రతిపాదించారు. తక్కువ ఖర్చు, ప్రత్యేకత, ఒక చిన్న విభాగంపై కేంద్రీకరణ అనే మూడు దారులను వ్యాపార వ్యూహాల ఆచార్యుడు మైకేల్ పోర్టర్ 1980లో వివరించారు. తక్కువ ధరతో పెద్ద సంస్థలను ఓడించే స్తోమత మావంటివారికి ఉండదు కాబట్టి మూడో దారి పట్టడమే సబబు.

చిక్కంతా ప్రణాళిక చేతికి వచ్చాక మొదలైంది. పన్నెండు నెలల క్యాలెండర్ రంగురంగులుగా, చూడముచ్చటగా ఉంది. మూడో నెల వరుస తీసి చూస్తే అందులో రాసినవి ఇవి: రోజుకొక సోషల్ మీడియా పోస్టు, వారానికి రెండు రీల్స్, తొలి సర్వీసుపై తగ్గింపు కూపన్. తగ్గింపు కూపన్ చూసి వచ్చేది ఎవరు? ఎవరి వెంట పడవద్దని అంతకుముందే ఇరవై పేజీల్లో చెప్పారో సరిగ్గా వారే. కార్యాలయం మేనేజరు రీల్ చూసి మరమ్మతుదారును ఎంచుకోడు. ఉన్న ఒప్పందం గడువు ముగిసేటప్పుడో, యంత్రం మొరాయించి పాత మనిషి ఫోను ఎత్తనప్పుడో కొత్తవారి కోసం వెతుకుతాడు. ఈ మాట వ్యూహ పత్రంలోనే ఉంది. క్యాలెండర్‌లో మాత్రం ఏ కార్యాలయం ఒప్పందం ఏ నెలలో ముగుస్తుందో రాసుకునే గడి కూడా లేదు. వ్యూహం రాసినవారు ఒకరు, క్యాలెండర్ నింపినవారు ఇంకొకరు అని తర్వాత మాట్లాడినప్పుడు తెలిసింది. రెండోవారు మొదటివారి పత్రం చదివారా అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు.

అభ్యంతరం రాసి పంపాక సవరించిన ప్రణాళిక వచ్చింది. ప్రతి పని పక్కనా ‘ఏ నిర్ణయం కోసం’ అనే గడి చేర్చమని మేము కోరాము. ఆ గడి నింపలేని పనులన్నీ రాలిపోయేసరికి క్యాలెండర్ సగానికి సగం తగ్గింది. మిగిలినవాటిలో ఆడంబరమేమీ లేదు. అందుబాటు దూరంలోని కార్యాలయాల జాబితా, ఒప్పందం ముగియడానికి ఆరు వారాల ముందు ఒకసారి వెళ్లి కలవడం, యంత్రాలన్నీ ఉచితంగా పరీక్షించి వాటి స్థితిని రాతపూర్వకంగా ఇవ్వడం, పని త్వరగా ముగించిన రోజే ఆ ఖాతాదారును మరొకరి పేరు అడగడం. వీటన్నిటికంటే నాకు నచ్చింది ఒక స్టిక్కర్: పరీక్షించిన ప్రతి ప్రింటర్ మీదా, కాగితం ట్రేకు పైన, కంటికి ఎదురుగా మా ఫోను నంబరూ పరీక్షించిన తేదీ అంటించాలి. దానికయ్యే ఖర్చు లెక్కలోకి రాదు, యంత్రం ఆగిన క్షణాన కనిపించేది అదొక్కటే.

వస్తువు, ధర, స్థలం, ప్రచారం అనే నాలుగు అంశాల చట్రాన్ని మార్కెటింగ్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ 1960లో అందించారు. ఈ సేవ ఇచ్చిన ప్రణాళికలో ఆ నాలుగింటిలో ప్రచారం ఒక్కటే ఉంది. పిలిచిన రోజే వస్తామన్న హామీ నిలబడాలంటే రోజూ ఒక టెక్నీషియన్‌కు కొంత ఖాళీ సమయం ఉంచాలి, ప్రింటర్లలో తరచూ పాడయ్యే రోలర్లు, ఫ్యూజర్లు వంటి భాగాలు ముందుగానే కొని పెట్టుకోవాలి. అందుకు మనుషుల గంటలు, విడిభాగాలకు పెట్టుబడి లెక్క కట్టాలి. ఆ లెక్క మేమే వేసుకున్నాము. ప్రయాణ సమయం కలిపి చూస్తే, వ్యూహంలో అనుకున్న పరిధి అంతటా ఒకే రోజు స్పందన అసాధ్యమని తేలింది. చివరకు అరగంటలో చేరుకోగలిగిన కార్యాలయాలకే ఆ హామీ ఇవ్వాలని వ్యూహాన్నే కుదించుకోవలసి వచ్చింది. వ్యూహం చెప్పినట్టు ప్రణాళిక నడుచుకోవాలని అందరూ అంటారు. ప్రణాళికలోని కూడికలూ తీసివేతలూ వ్యూహాన్ని సరిదిద్దుతాయన్న సంగతి ఈ సేవ పత్రాల్లో ఎక్కడా కనబడదు. చిన్న వ్యాపారికి ఈ రెండోది మరింత అవసరం, ఎందుకంటే ఇచ్చిన మాట తప్పితే సర్దుకోవడానికి అతని వద్ద అదనపు మనుషులు ఉండరు.

కొలమానాల విషయంలోనూ ఇదే ధోరణి. మొదటి ప్రణాళికలో లక్ష్యం ‘బ్రాండ్ అవగాహన పెంచడం’ అని రాశారు. లక్ష్యం నిర్దిష్టంగా, కొలవదగినదిగా, గడువుతో ఉండాలన్న సూత్రాన్ని మేనేజ్‌మెంట్ సలహాదారు జార్జ్ డోరన్ 1981లో చెప్పారు, ఈ వృత్తిలో ఉన్నవారికి అది కంఠతా వచ్చే పాఠమే. ఫలితాలు చూపే డ్యాష్‌బోర్డులో లైకులు, ఫాలోయర్లు కనిపిస్తాయి. ఎన్ని కొటేషన్లు ఇచ్చాము, ఎన్నింటిపై సంతకం అయింది, ఎన్ని ఒప్పందాలు కొనసాగాయి, ఒక్కో ఒప్పందానికి ఎంత ఖర్చు పడింది అన్నవాటికి అందులో చోటు లేదు. వాటిని మేము విడిగా ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటున్నాము.

అయినా చందా వృథా అనలేను. మూడు నెలలకోసారి జరిగే సమీక్షా సమావేశం ఈ సేవలో అత్యంత విలువైన భాగం. ఫలితం రాకపోతే మార్చవలసింది ఏమిటో విడదీసి చూపడంలో మాకు కేటాయించిన సలహాదారు దిట్ట. వెళ్లి కలుస్తున్నా కొటేషన్ అడగడం లేదంటే జాబితా గానీ చెప్పే మాట గానీ సరిగా లేదు; అడిగి సంతకం చేయడం లేదంటే ధరో నమ్మకమో అడ్డుపడుతోంది; సంతకం చేసినవారు మరుసటి ఏడాది కొనసాగించలేదంటే తప్పు పనిలోనే ఉంది, దానికి ప్రచారం మందు కాదు. మొదటి రెండు సందర్భాల్లో ప్రణాళిక మార్చి చూడాలని, ఆ మార్పులకు తగినంత వ్యవధి ఇచ్చినా కదలిక లేకపోతేనే వ్యూహం జోలికి వెళ్లాలని ఆయన సూచించారు. ఒక ప్రకటన విఫలమైతే ఖాతాదారుల వర్గాన్నే మార్చేసే తొందరపాటు మావంటి వ్యాపారాల్లో మామూలే కనుక ఈ నియమం మాకు బాగా పనికివచ్చింది.

చందా పునరుద్ధరించేటప్పుడు క్యాలెండర్ భాగాన్ని వదులుకుని సమీక్షలకు మాత్రమే కట్టే వెసులుబాటు ఉందా అని అడిగాము. ఉందన్నారు, అదే తీసుకున్నాము. కొత్తగా చేరేవారు డబ్బు కట్టకముందే మరో వ్యాపారానికి తయారుచేసిన నమూనాను పేర్లు తీసేసి చూపమనాలి, క్యాలెండర్‌లోని ఏ వరుస వ్యూహంలోని ఏ వాక్యం నుంచి వచ్చిందో వారిచేత చెప్పించుకోవాలి. ప్రణాళికను పీడీఎఫ్‌గా ఇస్తారు, దాన్ని మార్చుకోవడం సులువు కాదు; ఎక్సెల్ ఫైలు కావాలని ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిది.