పదమూడేళ్ళుగా గింప్ వాడుతున్నా, పేరు చెప్పాల్సి వస్తే మాత్రం ఇప్పటికీ తడబడతా

2012లో 2.8 వర్షన్ వచ్చిన కొత్తలో గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టా, అప్పుడు చేతిలో డబ్బుల్లేవు, ఇది ఫ్రీగా దొరికింది, అంతే కారణం. ఇప్పుడు కొనుక్కోగలిగినా దీన్నే వాడుతున్నా, చెయ్యి దీనికే అలవాటు పడిపోయింది. పాత ఫోటోలు బాగుచేయడం, పుస్తకాలకి కవర్లు, వెబ్‌సైట్లకి బ్యానర్లు, ఇదీ నా పని. సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో చెప్తా గానీ అసలు రాయాలనుకున్నది దాని పేరు గురించి, ఎందుకంటే ఇన్నేళ్ళలో టూల్ పెట్టిన ఇబ్బంది కంటే పేరు పెట్టిన ఇబ్బందే ఎక్కువ.

ముందు పని సంగతి. ఈమధ్య ఒక పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటో వచ్చింది, మడత గీత సరిగ్గా చెంప మీదుగా కిందకి దిగింది. హీల్ టూల్ తీసుకుని, కంట్రోల్ నొక్కి, అదే వెలుతురు పడుతున్న చర్మం మీద క్లిక్ చేసి, చిన్న బ్రష్‌తో గీత వెంట కొంచెం కొంచెంగా అద్దుకుంటూ పోవాలి. క్లోన్ టూల్ అయితే మచ్చ అతికించినట్టు కనపడుతుంది, హీల్ మాత్రం అక్కడి గరుకుదనం తీసుకుని ఇక్కడి రంగులో కలిపేస్తుంది. కానీ గీత జుట్టు అంచు దగ్గరికి వచ్చేసరికి హీల్ నలుపుని చర్మంలోకి లాగేస్తుంది, అక్కడ మళ్ళీ క్లోన్‌కి మారాల్సిందే. రెండు గంటలు పట్టింది, ప్రింట్ తీసి చూస్తే గీత ఎక్కడుందో నాకే దొరకలేదు. 2025 మార్చిలో వచ్చిన 3.0లో ఇంకో పెద్ద సుఖం ఏంటంటే ఫిల్టర్ వేశాక అది లేయర్‌లో, అంటే బొమ్మ పొరలో, కరిగిపోకుండా విడిగా ఉంటుంది, మర్నాడు తెరిచి మార్చుకోవచ్చు, దీనికోసం ఎన్నేళ్ళు ఎదురుచూశామో వాడేవాళ్ళకే తెలుసు. లోటు అంటే ప్రింట్ పనికి నేరుగా సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్ ఇంకుల రంగుల్లో, ఎడిట్ చేయలేకపోవడం, తెర రంగులైన ఆర్‌జీబీలో చేసి, ప్రింట్‌లో ఎలా వస్తుందో తెర మీదే చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో చూసుకుని, ఎక్స్‌పోర్ట్ అప్పుడు మార్చుకోవాలి. సేవ్ నొక్కితే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్ మాత్రమే, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అనేది 2.8 నుంచీ ఉంది, మొదట చిరాకు పడ్డా గానీ ఆ పద్ధతి వల్లే నా లేయర్లు ఎప్పుడూ పోలేదు.

ఇక పేరు. మన చెవికి గింప్ అంటే ఏమీ లేదు, ఉత్త శబ్దం. ఇంగ్లీషులో మాత్రం అది కుంటివాళ్ళని కించపరిచే మాట. నాకు ఈ సంగతి చాలా ఏళ్ళు తెలీదు. ఒక పబ్లిషర్ నా శాంపిల్ కవర్లు మూడు చూసి బాగున్నాయన్నారు, రేటు కూడా మాట్లాడుకున్నాం, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వాడతారని అడిగితే గింప్ అని రాశా. వెంటనే వచ్చిన జవాబు, "ఇది ప్రొఫెషనల్ సాఫ్ట్‌వేరేనా అండీ?" అని. ఆ మూడు కవర్లూ అందులో చేసినవే కదా! అయినా ఇంకో కవర్ ట్రయల్‌గా చేసిమ్మన్నారు. చేసిచ్చా, పని వచ్చింది. కానీ పేరు వినకముందు ఉన్న నమ్మకం పేరు విన్నాక ఒక మెట్టు దిగింది, అది మళ్ళీ ఎక్కడానికి నా ఒక రోజు ఖర్చయింది. తర్వాత నుంచి కొటేషన్లో టూల్ పేరు రాయడం మానేసి ఫైల్ ఏ ఫార్మాట్‌లో ఇస్తానో, ఎంత రిజల్యూషన్ ఉంటుందో మాత్రమే రాస్తున్నా, ఎవరూ అడగట్లేదు.

పొట్టి పేరు బాలేదని పూర్తి పేరు వాడి చూశా, గ్నూ ఇమేజ్ మానిప్యులేషన్ ప్రోగ్రామ్ అని (గ్నూ అంటే ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ పేరు). ఒక కుటుంబం వాళ్ళ తాతగారి ఫోటో బాగుచేయమని ఇచ్చి ఆ పేరు చూసి, మానిప్యులేషన్ అంటే మొహం మార్చేస్తారా, అలా వద్దండీ అని భయపడ్డారు. వాళ్ళ భయం న్యాయమైనదే. ఆ మాట పెట్టిన రోజుల్లో దానికి పిక్సెల్స్‌తో పనిచేయడం అనే అర్థమేమో గానీ ఇప్పుడు ఫోటో పక్కన ఆ మాట పెడితే మోసం అనే వినపడుతుంది.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం ఇంకోటి. శారీరక వైకల్యం ఉన్న యువతకి పని నేర్పించే ఒక సంస్థ ఫోటో ఎడిటింగ్ నేర్పమని పిలిచింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఎవరి కంప్యూటర్లో వాళ్ళు వేసుకోవచ్చు, ఇంతకంటే మంచిది లేదనుకుని పోస్టర్ మీద పేరు పెద్దగా వేసి పంపించా. కోఆర్డినేటర్ మేడమ్ ఫోన్ చేసి చాలా మర్యాదగా, "పేరు లేకుండా వేయొచ్చా అండీ, మా పిల్లల్లో ఇద్దరు వేరే దేశంలో చదివొచ్చారు, వాళ్ళని అక్కడ ఆ మాటతోనే ఏడిపించేవాళ్ళట" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అప్పటిదాకా పేరు సంగతి అంటే మార్కెటింగ్ గొడవ అనుకునేవాణ్ణి, వినేవాళ్ళ ఒంటికి తగిలే సంగతని అప్పుడు తెలిసింది. పైగా ఆ మాట పోస్టర్ మీద వేసింది నేను, పేరు పెట్టినవాళ్ళు అక్కడ లేరు. ఎవరు సిఫార్సు చేస్తే ఆ భారం వాళ్ళ మీద పడుతుంది.

గింప్‌ని 1995లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు, మొదట్లో అందులో జీ అంటే జనరల్, తర్వాత గ్నూ అయింది. స్టూడెంట్ ప్రాజెక్ట్‌కి పెట్టిన పేరు, ఇన్నేళ్ళు బతుకుతుందని వాళ్ళూ అనుకుని ఉండరు. కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ అనే టూల్ పేరు కూడా బ్రిటిష్ వాడుకలో తిట్టే కదా, దానికి లేని ఇబ్బంది దీనికేంటి అని చాలామంది వాదిస్తారు, నేనూ కొన్నాళ్ళు అదే అన్నా. కానీ గిట్ వాడేది ప్రోగ్రామర్లు, వాళ్ళలో వాళ్ళే, అది లేకుండా చాలాచోట్ల ఉద్యోగమే జరగదు, కాబట్టి పేరు ఎలా ఉన్నా మింగేస్తారు. ఇమేజ్ ఎడిటర్ అలా కాదు, పక్కనే ఫోటోషాప్ ఉంది, దాని పేరు ఏకంగా ఫోటో మార్చడానికే మాటైపోయింది. రెండింట్లో ఒకటి ఎంచుకునే చోట, పని ఇంకా చూడనివాళ్ళు, పేరు చూసే ఎంచుకుంటారు.

మార్చే ప్రయత్నం జరగకపోలేదు. 2019లో కొందరు ఫోర్క్ చేసి, అంటే అదే కోడ్ తీసుకుని విడిగా నడుపుతూ, గ్లింప్స్ అని పేరు పెట్టారు, నేను సంతోషంగా వేసుకున్నా, 2021కి అది ఆగిపోయింది, కోడ్ రాసేవాళ్ళు సరిపోలేదు. దీన్ని చూపించి పేరు మార్చడం దండగ అంటారు, నేను ఒప్పుకోను. ఈథీరియల్ అనే నెట్‌వర్క్ టూల్ 2006లో వైర్‌షార్క్ అయింది, రాసినాయనే కొత్త పేరుతో ముందుకి తీసుకెళ్ళారు కాబట్టి వాడేవాళ్ళంతా వెనకే వెళ్ళారు, ఇప్పుడు పాత పేరు ఎంతమందికి గుర్తుంది? గణిత నిరూపణలు సరిచూసే కాక్ అనే ప్రూఫ్ అసిస్టెంట్ ఇంగ్లీషువాళ్ళకి బూతులా వినపడుతోందని పేరు మార్చుకుని రాక్ అయింది, ఆ పేరుతో మొదటి రిలీజ్ 9.0 వచ్చింది కూడా 2025 మార్చిలోనే. ఆ నెలలోనే గింప్ 3.0 వచ్చింది, పేరు ఒక్కటి వదిలేసి లోపల ఎన్ని మారాయో చెప్పలేను.

గింప్ టీమ్ మాట స్పష్టంగానే ఉంది, 20 ఏళ్ళకి పైగా అందరికీ తెలిసిన పేరు, మార్చం, నచ్చకపోతే పొడుగు పేరు వాడుకోండి, లేదా ఫోర్క్ చేసి వేరే పేరు పెట్టుకోండి అని. వాళ్ళలో ఎక్కువమంది సొంత టైమ్ పెట్టి చేస్తున్నారు, నా తిండి వాళ్ళ కష్టం మీదే నడుస్తోంది, ఆ కృతజ్ఞత నాకెప్పుడూ ఉంటుంది. అయినా ఈ విషయంలో వాళ్ళది పొరపాటే అంటా. మార్చగలిగింది వాళ్ళొక్కళ్ళే, వేరేవాళ్ళు మారిస్తే ఏమవుతుందో గ్లింప్స్‌తో చూశాం కదా.

సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా వద్దా అంటే తీసుకోండి, వెబ్ పనికి, ఫోటోలు బాగుచేయడానికి నిస్సంకోచంగా. మొత్తం ప్రింట్ పనే అయితే ముందు ఒక నెల సీఎంవైకేతో కుస్తీ పట్టి చూడండి.

ఆ సంస్థలో క్లాసులు జరిగాయి. ఎనిమిది కంప్యూటర్లలో వేసి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పేరు "ఫోటో ఎడిటర్" అని మార్చి ఇచ్చా, నోట్లో బ్రష్ పట్టుకున్న విల్బర్ అనే గింప్ గుర్తు బొమ్మ మాత్రం అలాగే ఉంది, అది పిల్లలకి ఇష్టం. మొన్న 3.0 వేయడానికి వెళ్తే ఇన్‌స్టాల్ అయ్యాక పాత పేరుతో కొత్త షార్ట్‌కట్ వచ్చి కూర్చుంది. నేను చూసుకునేలోపే ఒకమ్మాయి రైట్ క్లిక్ కొట్టి, రీనేమ్ చేసి, పక్క కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది.