విరిగిన పాత పడవ బూమ్‌కి స్లీవ్ వేయించాం: పని గట్టిదే, మాటతీరే బాలేదు

పనికి ఐదుకి నాలుగు ఇస్తాను. కస్టమర్‌తో మాట్లాడే పద్ధతికి రెండిస్తే ఎక్కువే. అయినా ఇంకోసారి బూమ్ విరిగితే (విరగకూడదనే నా మొక్కు) ఆ రిగ్గింగ్ (తెరచాప పడవల స్తంభాలు, తాళ్ల పని చేసే) వర్క్‌షాప్‌కే తీసుకెళ్తా.

మాది 1970ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. మెయిన్‌సెయిల్ (పెద్ద తెరచాప) అడుగు అంచుని లాగిపట్టుకునే అడ్డ గొట్టమే బూమ్, మా పడవకి అల్యూమినియంది. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఆ ఆకారం, ఆ సైజు గొట్టం ఇప్పుడు కొత్తది దొరకదు. గాలి వెనక నుంచి కొడుతున్నప్పుడు అలకి పడవ పక్కకి తిరిగింది, అనుకోని జైబ్ (తెరచాప ఒక్కసారిగా అవతలి వైపుకి తిరగడం) అయింది, బూమ్ ఆ వైపు నుంచి ఈ వైపుకి దూసుకొచ్చి మెయిన్‌షీట్ (బూమ్‌ని అదుపు చేసే తాడు) కట్టిన చోట మడతపడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

వర్క్‌షాప్‌లో నాకు బాగా నచ్చింది మొదటి పావుగంట. అక్కడి పెద్దాయన కొలతల జోలికి పోకుండా విరిగిన అంచు మీద టార్చ్ వేసి, నన్ను కూడా వంగి చూడమన్నారు. అంచు చాలామేర కొత్తగా తోమిన గిన్నెలా మెరుస్తోంది, కానీ ఒక రివెట్ రంధ్రం చుట్టూ మాత్రం మసకబారి, బూడిద రంగులో, గోటితో గీకితే తెల్లటి పొడి రాలేలా ఉంది. అంటే ఆ పగులు ఎన్నాళ్ల నుంచో లోపల పెరుగుతూనే ఉంది, జైబ్ దాన్ని తెంపింది అంతే. పగులు అక్కడే ఎందుకు మొదలైందో కూడా ఆయనే చెప్పారు. ఆ కాలపు బూమ్‌లు చాలావాటికి మెయిన్‌షీట్ చివర్న ఉండేది, ఎందుకంటే గొట్టాన్నే గుండ్రంగా తిప్పి తెరచాప చుట్టి చిన్నది చేసేవాళ్లు, మధ్యలో ఏదైనా బిగిస్తే తిరగదు కదా. తర్వాత ఆ పద్ధతి పోయింది, కాక్‌పిట్‌లో (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోట) అడ్డంగా ఉందని ఎవరో పాత ఓనరు షీట్‌ని మధ్యకి జరిపారు. చివర్న కట్టినప్పుడు గొట్టానికి రెండు కొసలా పట్టు ఉంటుంది. మధ్యకి తెస్తే వెనక సగం గాల్లో వేలాడుతూ తెరచాప లాగుడంతా మోస్తుంది, ఆ వంపు భారమంతా షీట్ బిగించిన చోటే పడుతుంది, సరిగ్గా అక్కడే రంధ్రాలు కొడతాం! సన్నగోడల పాత గొట్టం అందుకు తయారైంది కాదు.

వెల్డింగ్ చేసి ఇచ్చేయొచ్చుగా అని అడిగితే ఆయన ససేమిరా అన్నారు. ఈ గొట్టాలు ఎక్కువగా 6061 లేదా 6063 రకం అల్యూమినియం, టీ6 అంటే వేడి చేసి చల్లార్చి బలం తెప్పించినవి. వెల్డ్ వేడికి పక్కనున్న లోహం బలం సగం దాకా పోతుంది, మళ్లీ గొట్టం మొత్తాన్ని కొలిమిలో పెడితే తప్ప అది తిరిగి రాదు. కొత్త బూమ్ వేద్దామంటే గూస్‌నెక్ (బూమ్‌ని స్తంభానికి కలిపే కీలు) కొత్త గొట్టానికి సరిపోదు, చివరి క్యాస్టింగ్ సరిపోదు, వ్యాంగ్ (బూమ్ పైకి లేవకుండా కిందికి లాగే తాడు) బ్రాకెట్ సరిపోదు, ఒక గొట్టం కొనబోయి నాలుగు కొనాలి. చివరలు కూడా తుప్పు పట్టి ఉంటే అదే దారి. మాదానికి చివరలు బాగున్నాయి, అందుకే స్లీవ్, అంటే విరిగిన చోట లోపల దూర్చి అతికే ముక్క.

స్లీవ్ పని మాత్రం చూడముచ్చటగా చేశారు. దాదాపు అదే ఆకారం ఉన్న అల్యూమినియం ముక్కని పొడవునా ఒక చీలిక కోసి, క్లాంపులతో నొక్కి సన్నం చేసి, విరిగిన చోటుకి రెండు వైపులా బాగా లోపలికి వెళ్లేలా దూర్చారు. స్లీవ్ కొసలు నిటారుగా కాకుండా ఏటవాలుగా కోశారు, లేకపోతే స్లీవ్ ఆగిన చోటే గొట్టం మళ్లీ విరిగే వీలుంటుంది. అవుట్‌హాల్ (తెరచాప అడుగుని బిగించేది), రీఫ్ (తెరచాపని చిన్నది చేసేవి) తాళ్లు బూమ్ లోపల నుంచే పోతాయి కాబట్టి స్లీవ్ అంచులన్నీ నున్నగా ఆకురాయి పట్టారు. నేను వేలు పెట్టి చూశాను, ఎక్కడా గీసుకోలేదు. పాత షీట్ రంధ్రాల చోట మళ్లీ ఏమీ బిగించలేదు. ఒకే బ్రాకెట్‌కి బదులు భారం పంచుకునేలా దూరదూరంగా రెండు పట్టీలు వేశారు, మధ్యలోనే షీట్ కావాలంటే ఇలాగే ఉండాలన్నారు.

ఇక గొడవ. ఫోన్ చేస్తే ఎత్తరు, పని ఎక్కడిదాకా వచ్చిందో వెళ్లి చూస్తే తప్ప తెలీదు. పాత స్టెయిన్‌లెస్ స్క్రూలు అల్యూమినియంలో అతుక్కుపోయాయి, వాటిని వేడి చేసి ఊడదీయడానికి చాలాసేపు పట్టిందట, ఆ లేబర్ బిల్లులో కలిపేశారు. కలపడం న్యాయమే, ముందు ఒక్క మాట చెప్పాలిగా? మీరు వెళ్లేముందు ఊడే ఫిట్టింగ్‌లన్నీ మీరే ఊడదీసి ఇవ్వండి, బోలెడు ఆదా. ఇంకొకటి, అసలు నాకు కోపం తెప్పించింది: వ్యాంగ్ బ్రాకెట్ స్టెయిన్‌లెస్‌ది, దాన్ని నేరుగా అల్యూమినియం మీద బిగించేశారు. రెండు లోహాల మధ్య డ్యూరాలాక్ లాంటి పేస్ట్ పూయాలి, లేకపోతే ఉప్పునీళ్లు తగిలి అల్యూమినియంని తుప్పు తినేస్తుంది, మొదటిసారి ఆ తెల్లపొడి వచ్చింది అలాగే. మిగతా ఫిట్టింగ్‌ల అంచుల్లో పసుపు పేస్ట్ కొంచెం బయటికి ఉబికి కనిపిస్తోంది, దీనికి లేదు, అందుకే పట్టుకోగలిగాను. అడిగాక వాదించకుండా ఊడదీసి మళ్లీ చేశారు, డబ్బులు అడగలేదు.

ఆ తర్వాత గట్టి గాలిలో కూడా వాడాం, బూమ్ కొంచెం బరువెక్కింది గానీ కిర్రుమనలేదు. రివెట్ల వరసలు కనిపిస్తాయి, అందంగా ఉండాలనుకునేవాళ్లకి నచ్చకపోవచ్చు. మా తెరచాప అడుగు వదులుగా ఉండే రకం కాబట్టి పైన గాడిలో రివెట్లు ఉన్నా ఇబ్బంది లేదు. తెరచాప అంచు గాడిలోకి దూరే పడవైతే ఆ గాడి ఖాళీగా వదలమని మొదటే చెప్పండి, పేస్ట్ మాట కూడా కొటేషన్ మీద రాయించుకోండి.